ఏసీ నడుస్తున్నది, గది మాత్రం చల్లబడుతలేదు

మే నెల వచ్చిందంటే మన సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల దిక్కు మధ్యాహ్నం 43, 44 డిగ్రీలు మామూలే. ఆ వేడికి కూలర్ కొంతవరకే ఆనుతది. స్ప్లిట్ ఏసీ పెట్టాలంటే గోడకు రంధ్రం కొట్టాలి, కిరాయి ఇంట్లో ఓనర్ ఒప్పుకోడు. అందుకని కొందరు చక్రాల మీద కదిలే పోర్టబుల్ ఏసీ తెచ్చుకుంటున్నరు. తెచ్చిన వారానికే వినబడే మాట ఒకటుంది: "మిషన్ ముందు కూసుంటే చల్లగనే ఉన్నది, గది మాత్రం చల్లబడుతలేదు." దాని వెనుకనే రెండో మాట: "గ్యాస్ అయిపోయినట్టుంది."

ఆ రెండో మాట దగ్గర ఒక్కసారి ఆగమని చెప్పడానికే ఈ వ్యాసం. గ్యాస్ పెట్రోల్ లాంటిది కాదు, వాడితే ఖర్చు కాదు. అది మూసి ఉన్న రాగి పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. పోర్టబుల్ ఏసీలో కంప్రెసర్ నుంచి కాయిల్స్ దాకా అన్నీ ఫ్యాక్టరీలోనే అతికి వస్తాయి. స్ప్లిట్ ఏసీలో లాగా ఇంట్లో బిగించే జాయింట్లు ఇందులో ఉండవు. కాబట్టి అనుమానించాల్సిన వరుసలో గ్యాస్ చివర ఉండాలి, మొదట కాదు. మరి మొదట ఏది చూడాలి? దానికి ఈ మిషన్ అసలు చేసే పని ఏందో తెలవాలి.

పేరులోనే ఉన్న చిక్కు

ఏసీని మనం "చల్లగాలి మిషన్" అనుకుంటాం. నిజానికి అది చల్లదనాన్ని తయారు చేయదు. గదిలో ఉన్న వేడిని పట్టుకొని బయట పారబోస్తుంది. దీనికి సరిపోయే మాట మన మండలంలోనే ఉన్నది: ఎత్తిపోతల. ఎల్లంతకుంట మండలం తిప్పాపూర్ దగ్గర ఒక్కోటి 106 మెగావాట్ల పంపులు నాలుగు ఉన్నాయి. మిడ్ మానేరు నీళ్ళను అవి అనంతగిరి దగ్గరి అన్నపూర్ణ రిజర్వాయరుకు ఎత్తిపోస్తాయి. ఆ పంపులు నీళ్ళను పుట్టించవు, పల్లం నుంచి మిట్టకు చేరుస్తాయంతే. నీళ్ళు తమంత తాము మిట్టకు ఎక్కవు కాబట్టి కరెంటు ఖర్చవుతుంది.

ఏసీ కూడా అంతే. 28 డిగ్రీల గది పల్లం, 43 డిగ్రీల బయలు మిట్ట. వేడి తనంత తాను అటు పోదు. కంప్రెసర్ అనే పంపు దాన్ని ఎత్తిపోయాలి. థర్మోడైనమిక్స్ క్లాసులో రిఫ్రిజిరేటర్ సీఓపీ లెక్క చేసినప్పుడు మనం రాసింది ఇదే: రెండు ఉష్ణోగ్రతల మధ్య తేడా ఎంత పెరిగితే పని అంత ఎక్కువ.

ఇప్పుడు ఒక ప్రశ్న. పంపు బాగానే నడుస్తున్నది, కానీ ఎత్తిపోసిన నీళ్ళు కట్ట తెగి మళ్ళీ కిందికే వస్తున్నాయి. పంపు పాడైందంటారా, కట్ట పాడైందంటారా? పోర్టబుల్ ఏసీ విషయంలో చాలాసార్లు తెగింది కట్టే. పాడైందని పేరు పడేది మాత్రం పంపుకు.

ముందుగా రెండు థర్మామీటర్లు

పంపా, కట్టా తేల్చడానికి చిన్న పరీక్ష ఉన్నది. రెండు చిన్న డిజిటల్ థర్మామీటర్లు చాలు. ఏసీని కూల్ మోడ్‌లో, అతి తక్కువ ఉష్ణోగ్రతకు పెట్టి 20 నిమిషాలు నడవనివ్వండి. ఒక థర్మామీటర్‌ను మిషన్ గది గాలిని పీల్చే జాలి దగ్గర, ఇంకోదాన్ని చల్లగాలి వదిలే చోట పెట్టండి. రెండు అంకెలూ రాసుకోండి.

తేడా 8 నుంచి 12 డిగ్రీల దాకా ఉంటే పంపు ఆరోగ్యంగానే ఉన్నట్టు. గ్యాస్ ఉన్నది, కంప్రెసర్ పనిచేస్తున్నది. ఇక వెతకాల్సింది గొట్టంలో, కిటికీలో, స్లాబులో. తేడా మూడు నాలుగు డిగ్రీలే ఉంటే మిషన్‌లోనే వెతకాలి. ఈ ఒక్క కొలతతో సగం వెతుకులాట తప్పుతుంది. మెకానిక్ వచ్చినా అతనికి చెప్పడానికి మన దగ్గర ఒక అంకె ఉంటుంది.

తేడా తక్కువ ఉంటే

మొదట మోడ్ చూడండి. రిమోట్‌లో ఫ్యాన్, డ్రై, కూల్ అని మూడు ఉంటాయి. ఫ్యాన్ మోడ్‌లో కంప్రెసర్ అసలే నడవదు. డ్రై మోడ్‌లో పూర్తి చల్లదనం రాదు. మిషన్ ఆపి వెంటనే వేస్తే కంప్రెసర్ సుమారు మూడు నిమిషాలు ఆగి మొదలవుతుంది. అది రక్షణ ఏర్పాటు, లోపం కాదు.

తర్వాత ఫిల్టర్. సాంచాలు నడిచే వాడల్లో నూలు పొట్టు గాలిలో ఉంటది. బీడీలు చుట్టే ఇండ్లలో తంబాకు దుమ్ము ఉంటది. పుస్తకంలో రెండు వారాలకోసారి కడగమని ఉంటే మన దిక్కు వారానికోసారి కడగాలి. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, నీడలో ఆరబెట్టి, పూర్తిగా ఆరినంకనే పెట్టాలి. చాలా మోడళ్ళలో ఫిల్టర్లు రెండు: ఒకటి పైన చల్లటి కాయిల్‌కు, ఇంకోటి కింద వేడి కాయిల్‌కు. పైది కడిగి కిందిది మరిచిపోతే వేడి బయటికి పోయే దారే మూసుకుంటుంది.

మూడోది నీళ్ళు. గాలిలోని తేమ చల్లటి కాయిల్ మీద నీరై కారుతుంది. చాలా మిషన్లు ఆ నీటిని వేడి కాయిల్ మీదికే చిమ్మి ఆవిరి చేసి గొట్టం గుండా పంపేస్తాయి. మిగిలింది కింది ట్యాంకులో చేరుతుంది. ట్యాంకు నిండితే కంప్రెసర్ ఆగిపోయి ఫ్యాన్ ఒక్కటే తిరుగుతుంది. వానలు పడ్డాక జూన్, జులైలో ఇది తరచూ జరుగుతుంది. మే నెలలో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చుక్క నీరు రాకపోయినా భయపడాల్సింది లేదు. "నీళ్ళు వస్తలేవు, గ్యాస్ లేదేమో" అన్న అనుమానం ఇక్కడ చెల్లదు.

నాలుగోది కరెంటు. ఒక టన్ను పోర్టబుల్ ఏసీ సుమారు 1.3 కిలోవాట్లు తీసుకుంటుంది, అంటే 230 వోల్టుల దగ్గర దాదాపు 6 ఆంపియర్లు. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. దాన్ని 16 ఆంపియర్ల సాకెట్‌కే నేరుగా పెట్టాలి. సన్నటి వైరున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే వోల్టేజీ పడిపోవడం ఒక బాధ, ప్లగ్గు కరిగి నిప్పంటుకోవడం అంతకన్న పెద్ద ప్రమాదం. మిషన్ నడుస్తుండగా ప్లగ్గు ముట్టుకుంటే కాలుతున్నట్టుంటే వెంటనే ఆపేయండి.

ఈ నాలుగూ సరిగ్గా ఉండి, కంప్రెసర్ చప్పుడు వస్తున్నా తేడా పెరగకపోతే, అప్పుడు మెకానిక్‌ను పిలవండి. కాయిల్ మీద మంచు గడుతున్నా అంతే. గ్యాస్ నింపుతానంటే ఒక్కటే అడగండి: "అన్నా, లీకు ఎక్కడున్నదో చూసినవా?" లీకు మూయకుండా నింపిన గ్యాస్ చిల్లు కుండలో పోసిన నీళ్ళే.

తేడా బాగుండి గది వేడిగా ఉంటే

ఎక్కువ మందికి ఎదురయ్యేది ఇదే. ఇక్కడ మొదటి నిందితుడు వెనుక ఉన్న లావుపాటి గొట్టం.

డబ్బాలో వచ్చే కిటికీ పట్టీ పక్కకు జరిగే అద్దాల కిటికీల కోసం చేసింది. మన ఇండ్లలో ఉండేవి రెండు రెక్కల కర్ర కిటికీలు, వాటికి ఇనుప ఊచలు. పట్టీ వాటికి అతకదు. 15 సెంటీమీటర్ల గొట్టం ఊచల మధ్య పట్టదు. దాంతో రెక్క సగం తెరిచి, గొట్టాన్ని ఊచలకు ఆనించి వదిలేస్తారు. పోయే వేడిగాలిలో కొంత ఊచలకు తగిలి లోపలికే తిరుగుతుంది. మిగిలిన ఖాళీ నుంచి బయటి వడగాలి దర్జాగా వస్తుంది.

దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. కిటికీ లోపలి కొలతకు సన్నటి ప్లైవుడ్ ముక్క కోయించి, గొట్టం మూతికి సరిపోయే రంధ్రం చేయించి, ఊచలకు లోపలి వైపు బిగించండి. అంచులకు ఫోమ్ పట్టీ గానీ, పాత చీర మడతలు గానీ కుక్కండి. ప్లైవుడ్ లేకపోతే సన్‌ప్యాక్ షీటు రెండు పొరలు వేయొచ్చు. గొట్టం మూతి దగ్గర మాత్రం వేడి ఎక్కువ కాబట్టి అక్కడ ప్లైవుడ్డే మేలు. కిటికీ పైన వెంటిలేటర్ ఉంటే దాన్నీ మూయాలి. బయటికి పోయిన వేడిగాలి పైకి లేచి తిరిగి అందులోంచే దిగుతుంది.

ఆ కిటికీ ఎటు తెరుచుకుంటుందో కూడా చూడండి. ఇరుకు సందులోకో, మూసిన వరండాలోకో అయితే వేడి అక్కడే నిలిచి మళ్ళీ గదిలోకి వస్తుంది. ఎత్తిపోసిన నీళ్ళను అదే చెరువులో పోసినట్టు.

గొట్టం ఎంత పొడుగు లాగితే అంత నష్టం. నడుస్తున్నప్పుడు చెయ్యి పెట్టి చూడండి, పెనం లాగా ఉంటుంది. మీటరున్నర గొట్టం పైభాగం 60 డిగ్రీలు, గది 30 డిగ్రీలు అనుకుంటే, దాని నుంచి గదిలోకి వచ్చే వేడి దాదాపు 200 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి సుమారు 100 వాట్లు వస్తుంది. అంటే గొట్టం రూపంలో ఇద్దరు చుట్టాలు వచ్చి కూర్చున్నట్టు. మిషన్‌ను కిటికీకి దగ్గరగా జరిపి, గొట్టాన్ని పొట్టిగా, వంకర లేకుండా ఉంచి, పైన వేడి ఆపే ఫోమ్ తొడుగు చుడితే ఆ చుట్టాల్లో ఒకరు వెళ్ళిపోతారు.

ఒక గొట్టం మిషన్ గుణం

ఇంకో సంగతి దుకాణంలో ఎవరూ చెప్పరు. మన దగ్గర దొరికే పోర్టబుల్ ఏసీల్లో ఎక్కువ ఒక గొట్టంవే. వేడి కాయిల్‌ను చల్లార్చడానికి ఇది గదిలోని గాలినే తీసుకొని బయటికి ఊదుతుంది. పోయిన గాలి స్థానంలో అంతే గాలి తలుపు సందుల నుంచి, కిటికీ సందుల నుంచి లోపలికి వచ్చి తీరుతుంది.

గంటకు 400 ఘనపు మీటర్ల గాలి బయటికి పోతున్నదనుకుందాం. పది బై పన్నెండు అడుగుల గది, పది అడుగుల ఎత్తు అంటే 34 ఘనపు మీటర్లు. అంటే సుమారు ఐదు నిమిషాలకోసారి గదిలోని మొత్తం గాలి మారిపోతున్నది. కొత్తగా వచ్చే గాలి 43 డిగ్రీలు, గదిని ఉంచాలనుకున్నది 28 డిగ్రీలు అయితే, ఆ గాలి తెచ్చే వేడి దాదాపు 1.9 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ మొత్తం శక్తే 3.5 కిలోవాట్లు. సగానికి పైగా దాని సొంత ఊపిరికే పోతున్నది.

అమెరికా ఇంధన శాఖ ఈ నష్టాన్ని కలిపి కొలిచే పద్ధతిని 2016లో తెచ్చింది. అప్పటి నుంచి అక్కడి డబ్బాల మీద రెండు అంకెలు కనబడతాయి. పాత లెక్కలో 12,000 బీటీయూ, అంటే ఒక టన్ను, అని ఉన్న మిషన్‌కే కొత్త లెక్కలో 7,000, 8,000 ప్రాంతంలో ఉండడం మామూలు. ఆ పరీక్షలోనూ బయటి వేడి 28, 35 డిగ్రీల దగ్గరే చూస్తారు. మన 43కు ఫలితం ఇంకా తక్కువే.

దీన్ని పూర్తిగా మాన్పలేం, తగ్గించగలం. గాలి ఎటూ వస్తది కాబట్టి ఎక్కడి నుంచి రావాలో మనమే నిర్ణయించాలి. ఎండ తగిలే కిటికీలు, వెంటిలేటర్ గట్టిగా మూసి, నీడగా ఉండే హాలు వైపు తలుపు కింద సందు వదలండి. హాలు 35 డిగ్రీలుంటే వచ్చే వేడి 0.9 కిలోవాట్లకు తగ్గుతుంది. రాత్రి బయట 32కు పడినప్పుడు అర కిలోవాటే. అదే మిషన్ రాత్రి బాగా, పగలు అధ్వానంగా పనిచేయడానికి కారణం ఇదే. గదిని పూర్తిగా సీలు వేయడం మాత్రం వద్దు. గాలి అందక వేడి కాయిల్ ఉడికిపోతుంది.

అదే గదిలో కూలర్ కూడా వేస్తే ఇంకా చల్లబడుతదని కొందరంటరు. కూలర్ తేమ పోస్తది, ఏసీ ఆ తేమను పిండుతది. ఒకటి తవ్విన గుంత ఇంకోటి పూడ్చినట్టే.

తల మీది పొయ్యి

పై అంతస్తు గదికి ఎండలో కాలిన స్లాబే పెద్ద పొయ్యి. పది బై పన్నెండు స్లాబు కింది ముఖం 40 డిగ్రీలుంటే గదిలోకి దిగే వేడి దాదాపు 900 వాట్లు. కాంక్రీటు మెల్లగా వేడెక్కి మెల్లగా వదులుతుంది కాబట్టి సాయంత్రం ఆరేడు గంటలకు కూడా అది దిగుతూనే ఉంటుంది. స్లాబు మీద సున్నం గానీ, ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు గానీ వేస్తే ఇది బాగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఈ సూత్రం మీద నిలబడిందే. రేకుల ఇంట్లో, గూన పెంకల ఇంట్లో అయితే కింద సీలింగ్ వేయించకుండా పోర్టబుల్ ఏసీ కొనకపోవడమే మంచిది. పైకప్పు సందుల నుంచి వచ్చే గాలిని ఏ ప్లైవుడ్డూ ఆపలేదు.

లెక్క ఒక్కచోట

ఏమీ సవరించని గది, మధ్యాహ్నం:
ఏసీ లాగే వేడి 3.5 కిలోవాట్లు
బయటి గాలి తెచ్చేది 1.9
గొట్టం 0.2
స్లాబు 0.9
ఇద్దరు మనుషులు 0.2
మిగిలింది 0.3

గోడలు, టీవీ ఇంకా లెక్కలోకి రానేలేదు. బయట అంత వేడి ఉన్నప్పుడు ఏసీ పూర్తి 3.5 లాగలేదు కూడా. ఇక గది ఎట్ల చల్లబడుతది?

సవరించిన గది (సున్నంతో స్లాబు వేడి సగానికి వచ్చిందనుకొని):
ఏసీ లాగే వేడి 3.5
హాలు గాలి తెచ్చేది 0.9
పొట్టి గొట్టం, తొడుగుతో 0.1
స్లాబు 0.4
ఇద్దరు మనుషులు 0.2
మిగిలింది 1.9

మిషన్ అదే, గ్యాస్ అదే. గదికి మిగిలిన బలం మాత్రం ఆరు రెట్లు.

ఎల్లంతకుంటలో ఒక గది

ఈ లెక్కకు సరిగ్గా సరిపోయే గది మా ఎల్లంతకుంటలోనే చూసిన. పై అంతస్తు, కిరాయి ఇల్లు, రెండు నెలల పాప. అంత చిన్నపిల్లలకు ఎక్కువ వేడి అంటే చెమటకాయలతో పోయేది కాదు, ఒంట్లో నీళ్ళు తగ్గి ప్రాణం మీదికి రావచ్చు. పాప కోసమే దాచుకున్న పైసలతో ఏసీ కొన్నరు. మధ్యాహ్నం మూడింటికి గది 34 డిగ్రీలు. "తమ్మీ, గ్యాస్ కొట్టిపియ్యమంటవా?" అని అక్క అడిగింది.

కొలిస్తే పీల్చే చోట 33, వదిలే చోట 22. తేడా 11. "గ్యాస్ మంచిగనే ఉన్నదక్కా, కిటికీ చూద్దాం" అన్న. కిటికీ మెట్ల సందులోకి తెరిచి ఉన్నది, వెంటిలేటర్ బార్లా ఉన్నది, గొట్టం రెండు మీటర్లు సాగి ఉన్నది. మిషన్‌ను రోడ్డు వైపు కిటికీ దగ్గరికి జరిపి, ప్లైవుడ్ బిగించి, వెంటిలేటర్ మూసి, పైన సున్నం వేయించినం. అవన్నీ అయ్యాక అదే మధ్యాహ్నం మూడింటికి గది 29కి వచ్చింది. అంతకన్న ముఖ్యం, రాత్రిపూట కంప్రెసర్ మధ్యమధ్యన ఆగడం మొదలుపెట్టింది.

ఆ ఆగడంలోనే డబ్బు ఉన్నది. 1.3 కిలోవాట్ల మిషన్ ఆగకుండా రోజుకు 8 గంటలు నడిస్తే 10.4 యూనిట్లు, నెలకు 312. గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు 200 యూనిట్ల లోపు వాడిన ఇంటికే. దాటితే బిల్లు కట్టాల్సిందే. ఇంట్లో మిగతా వాడకం 80 యూనిట్లయితే ఏసీకి మిగిలేది 120, అంటే రోజుకు కంప్రెసర్ నడవగలిగేది మూడు గంటలు. కిటికీ సందు నుంచి వచ్చే వడగాలి జీరో బిల్లును కూడా ఎత్తుకపోతది. అందుకని గది ముందే చల్లబడ్డాక 26, 27 దగ్గర పెట్టి సీలింగ్ ఫ్యాన్ మెల్లగా తిప్పుకోవడం మేలు. దేశంలో స్టార్ లేబుల్ ఉన్న గది ఏసీలకు 2020 జనవరి నుంచి మొదటి సెట్టింగు 24 చేశారు. 18 పెట్టినంత మాత్రాన గది తొందరగా చల్లబడదు, కంప్రెసర్ ఆగకుండా నడుస్తుందంతే.

మరిచిపోగూడని రెండు జాగ్రత్తలు

ఒక గొట్టం ఏసీ గదిలో గాలిని లాగేస్తుంది కాబట్టి పక్కనే ఉన్న బాత్రూంలోని గ్యాస్ గీజర్ పొగ, వంటింటి పొగ గదిలోకి రావచ్చు. గ్యాస్ గీజర్ విడిచే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. గీజర్ నడిచేటప్పుడు ఏసీ ఆపండి.

రెండోది, చాలా పోర్టబుల్ మిషన్లలో ఆర్-290 ఉంటుంది. అది ప్రొపేన్, మండే వాయువు. మిషన్ వెనుక పట్టీ మీద గ్యాస్ పేరు, గది కనీస వైశాల్యం రాసి ఉంటాయి. వెనుక స్క్రూలు విప్పి పైపులు గెలకడం మన ల్యాబ్ ప్రయోగం కాదు. ఫిల్టర్ దాకా మనం, పైపుల దాకా శిక్షణ పొందిన మెకానిక్.

మీ హాస్టల్ గదిలోనో, ఇంట్లోనో ఏసీ మొరాయిస్తే ముందు "మిషన్‌కు ఏమైంది" అని కాదు, "ఎత్తిపోసిన వేడి ఎటు తిరిగి వస్తున్నది" అని అడగండి. రెండు థర్మామీటర్లు, ఒక ప్లైవుడ్ ముక్క, ఒక బకెట్ సున్నం దగ్గర పెట్టుకొని, ఆ తర్వాతే మెకానిక్ నెంబరు వెతకండి.